జర్మనీ విశ్వవిద్యాలయ వ్యవస్థ: నిర్మాణం, మార్కుల విధానం

జర్మనీలో ఉన్నత విద్య రాష్ట్రాల బాధ్యత. విద్యార్థుల్లో అత్యధికులు ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే చదువుతారు. చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదు. దేశం మొత్తం మీద 400కు పైగా ఉన్నత విద్యాసంస్థలు, 28 లక్షలకు పైగా విద్యార్థులు ఉన్నారు. మార్కులను 1.0 నుంచి 5.0 వరకు ఉండే కొలమానంపై ఇస్తారు. సంఖ్య ఎంత తక్కువైతే ఫలితం అంత మెరుగు: 1.0 అత్యుత్తమం, 4.0 ఉత్తీర్ణతకు ఆఖరి మెట్టు, 5.0 వస్తే తప్పినట్టు.

జేఈఈ, ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షలకు అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఈ వ్యవస్థలో ముందుగా కనిపించే తేడా వడపోత ఎక్కడ జరుగుతుందన్నది. మన దగ్గర అసలు పోటీ సీటు కోసం. సీటు దొరికాక డిగ్రీ చేతికి రావడం అంత కష్టం కాదు. జర్మనీలో చాలా కోర్సుల్లో చేరడం తేలిక, గట్టెక్కడం కష్టం. అక్కడి మార్కులు, పరీక్షా నిబంధనలు, డిగ్రీల విలువ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుంటేనే సరిగ్గా అర్థమవుతాయి.

చరిత్ర

నేటి జర్మనీ సరిహద్దుల్లోని విశ్వవిద్యాలయాల్లో అతి పాతది 1386లో స్థాపించిన హైడెల్‌బర్గ్. తర్వాత కొలోన్ (1388), లైప్‌జిగ్ (1409), రోస్టాక్ (1419) వచ్చాయి. మధ్యయుగపు విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం, తత్వశాస్త్రం అనే నాలుగు ఫ్యాకల్టీలు ఉండేవి. మతాధికారులను, న్యాయవేత్తలను, వైద్యులను తయారుచేయడమే వాటి ప్రధాన పని.

ఈ స్వరూపం 1810లో ప్రారంభమైన బెర్లిన్ విశ్వవిద్యాలయంతో మారింది. నెపోలియన్ చేతిలో ఓడిన ప్రష్యా తన పాలనా వ్యవస్థను సంస్కరించుకుంటున్న రోజులవి. విద్యాశాఖ పగ్గాలు చేపట్టిన భాషావేత్త విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ పరిశోధన, బోధన ఒకే చోట, ఒకే వ్యక్తుల చేతుల మీదుగా సాగాలని ప్రతిపాదించాడు. తెలిసిన జ్ఞానాన్ని వల్లె వేయించడంతో సరిపెట్టక, కొత్త జ్ఞానాన్ని వెతికే పనిలో విద్యార్థిని కూడా భాగస్వామిని చేయాలన్నది అతని ఆశయం. సెమినార్ పద్ధతి, పరిశోధనతో సంపాదించే డాక్టరేట్ ఈ వాతావరణంలోనే బలపడ్డాయి. గీసెన్‌లో యూస్టుస్ ఫాన్ లీబిగ్ నడిపిన రసాయన ప్రయోగశాలకు అనేక దేశాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. అమెరికాలో 1876లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఈ నమూనానే అనుసరించింది. హైదరాబాద్‌లో పుట్టి, తర్వాతి కాలంలో భారత రాష్ట్రపతి అయిన జాకీర్ హుస్సేన్ 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందారు.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక యూదు అధ్యాపకులను, రాజకీయంగా తమకు నచ్చనివారిని చట్టం తెచ్చి మరీ తొలగించారు. గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం ఆ దెబ్బకు కుదేలయ్యాయి. మాక్స్ బోర్న్, జేమ్స్ ఫ్రాంక్ వంటి భౌతికశాస్త్రవేత్తలు దేశం విడిచి వెళ్లారు. ఈ అనుభవం తర్వాత రాసుకున్న 1949 రాజ్యాంగంలోని 5వ అధికరణ పరిశోధనకు, బోధనకు స్వేచ్ఛ ఉంటుందని హామీ ఇచ్చింది. నేటికీ జర్మన్ ప్రొఫెసర్ల స్వతంత్రతకు ఆధారం ఈ అధికరణే.

1960ల వరకు విశ్వవిద్యాలయ చదువు కొద్దిమందికే దక్కేది. ఆ దశాబ్దంలో బోఖుమ్, కాన్‌స్టాంజ్, బీలెఫెల్డ్ వంటి కొత్త విశ్వవిద్యాలయాలు వెలిశాయి. 1968లో రాష్ట్రాలు కుదుర్చుకున్న ఒప్పందంతో వృత్తి విద్యకు ప్రాధాన్యమిచ్చే మరో రకం సంస్థలు పుట్టాయి. 1990లో జర్మనీ ఏకమయ్యాక తూర్పు భాగంలోని విద్యాసంస్థలనూ పశ్చిమ జర్మనీ పద్ధతికి మార్చారు.

పాలన

జర్మనీలోని 16 రాష్ట్రాలకు వేటి ఉన్నత విద్యా చట్టం వాటికుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు రోజువారీ నిధులిచ్చేది కూడా ప్రధానంగా రాష్ట్రాలే. రాష్ట్రాల మధ్య పొంతన కోసం విద్యామంత్రుల సమ్మేళనం 1948 నుంచి పనిచేస్తోంది. విశ్వవిద్యాలయాల తరఫున రెక్టర్ల సమ్మేళనం మాట్లాడుతుంది. 1957లో ఏర్పడిన విజ్ఞాన మండలి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు సలహాలిస్తుంది. 2006 రాజ్యాంగ సవరణతో ఉన్నత విద్యలో కేంద్రం పాత్ర తగ్గింది. 2014 చివర్లో చేసిన మరో సవరణ విశ్వవిద్యాలయాలకు శాశ్వత ప్రాతిపదికన నిధులిచ్చే వీలు కేంద్రానికి కల్పించింది.

విశ్వవిద్యాలయానికి రెక్టర్ లేదా ప్రెసిడెంట్ అధిపతి. ఆర్థిక, పరిపాలన వ్యవహారాలను కాన్స్‌లర్ చూస్తారు. విద్యాపరమైన నిర్ణయాలు సెనేట్‌వి. అందులో ప్రొఫెసర్లు, ఇతర అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు సభ్యులుగా ఉంటారు. హాస్టళ్లు, మెన్సా అనే భోజనశాలలు, ఉపకార వేతనాల పని విశ్వవిద్యాలయానివి కావు. వాటి కోసం స్టుడీరెండెన్‌వెర్క్ అనే ప్రత్యేక సంస్థలున్నాయి.

విద్యాసంస్థల రకాలు

విశ్వవిద్యాలయాలు: సిద్ధాంతానికి, పరిశోధనకు పెద్దపీట వేస్తాయి. డాక్టరేట్ ఇచ్చే అధికారం సంప్రదాయంగా వీటిదే. సాంకేతిక విశ్వవిద్యాలయాలు కూడా ఈ కోవలోనివే. ఆఖెన్, బెర్లిన్, బ్రౌన్‌ష్వైగ్, డార్మ్‌స్టాట్, డ్రెస్డెన్, హానోవర్, కార్ల్‌స్రూహె, మ్యూనిక్, స్టుట్‌గార్ట్ నగరాల్లోని తొమ్మిది ‘టీయూ9’ అనే కూటమిగా ఏర్పడ్డాయి.

అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలు: ఫాఖ్‌హోఖ్‌షూలె అన్నది వీటి పాత పేరు. ఇంజనీరింగ్, వ్యాపార నిర్వహణ, సామాజిక సేవ, డిజైన్ వంటి రంగాల్లో పని నేర్పడం వీటి లక్ష్యం. ఇక్కడ ప్రొఫెసర్ కావాలంటే సాధారణంగా డాక్టరేట్‌తో పాటు విశ్వవిద్యాలయం బయట ఉద్యోగానుభవం కూడా ఉండాలి. విద్యార్థి కొంతకాలం పరిశ్రమలో పనిచేయడం చాలా కోర్సుల్లో తప్పనిసరి. 2016లో హెస్సె రాష్ట్రం ఫుల్డా సంస్థకు డాక్టరేట్ ఇచ్చే అధికారమిచ్చి కొత్త దారి తెరిచింది.

కళా, సంగీత కళాశాలలు: వీటిలో ప్రవేశం ప్రతిభా పరీక్ష మీద, విద్యార్థి అంతవరకు చేసిన పని మీద ఆధారపడుతుంది.

ద్వంద్వ విద్యాసంస్థలు: విద్యార్థి కొన్ని నెలలు తరగతిలో, కొన్ని నెలలు తనను చేర్చుకున్న కంపెనీలో గడుపుతాడు, కంపెనీ అతనికి జీతమిస్తుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలోని ద్వంద్వ విద్యాసంస్థ ఈ పద్ధతికి పేరు పొందింది.

ప్రైవేటు సంస్థలు సంఖ్యలో తక్కువేమీ కావు గానీ చాలావరకు చిన్నవి. దేశంలో అన్నిటికంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో హాగెన్‌లోని ప్రభుత్వ దూరవిద్యా విశ్వవిద్యాలయం ఒకటి.

ఒకే కోర్సుకు ఏ రాష్ట్రంలో, ఏ ప్రభుత్వ సంస్థలో డిగ్రీ పొందినా చట్టం దృష్టిలో దాని హోదా సమానమన్నది చాలాకాలం జర్మన్ల నమ్మకం. 2005లో కుదిరిన ‘ఎక్సలెన్స్’ పథకం ఆ సమానత్వ భావనను కొంత కదిలించింది. పరిశోధనలో ముందున్నవాటిని పోటీ పెట్టి ఎంచి అదనపు నిధులివ్వడం దీనితో మొదలైంది. దాని తర్వాతి దశలో 2019లో పది విశ్వవిద్యాలయాలకు, బెర్లిన్ విశ్వవిద్యాలయాల కూటమికి ‘ఎక్సలెన్స్’ హోదా దక్కింది. అయితే ఈ పోటీ కొలిచేది ముఖ్యంగా పరిశోధనను. బ్యాచిలర్ తరగతిలో పాఠం ఎంత బాగా చెబుతారన్నది దీన్నిబట్టి తేల్చలేం.

ప్రవేశం

విశ్వవిద్యాలయ ప్రవేశానికి తాళంచెవి అబిటూర్. పన్నెండు లేదా పదమూడేళ్ల పాఠశాల చదువు చివర ఇచ్చే అర్హత ఇది. మొత్తం 900 పాయింట్లలో 600 చివరి రెండేళ్ల తరగతి ఫలితాల నుంచి, 300 ఆఖరి పరీక్షల నుంచి వస్తాయి. అంటే ఒక్క రోజు పరీక్ష విద్యార్థి భవిష్యత్తును తేల్చేయదు. ఈ పాయింట్లను 1.0 నుంచి 4.0 వరకు ఉండే సగటుగా మారుస్తారు.

అబిటూర్ ఉన్నవారికి నచ్చిన చదువు ఎంచుకునే హక్కు రాజ్యాంగబద్ధమైనది. సీట్లకు పరిమితి పెట్టాలంటే ఉన్న వసతి అంతటినీ వాడుకున్న తర్వాతే పెట్టాలని రాజ్యాంగ న్యాయస్థానం 1972లో తీర్పు చెప్పింది. అందువల్ల చాలా కోర్సుల్లో అర్హత ఉన్నవారందరికీ ప్రవేశం ఉంటుంది. డిమాండ్ ఎక్కువున్న కోర్సుల్లో మాత్రం ‘నుమెరుస్ క్లాజుస్’ అనే సంఖ్యా పరిమితి అమలవుతుంది. ఆ సంవత్సరం చివరి సీటు ఏ సగటుకు దొరికిందో అదే ఆ ఏటి కటాఫ్. దరఖాస్తులను బట్టి ఏటేటా మారుతుంది.

వైద్యం, దంతవైద్యం, పశువైద్యం, ఫార్మసీ సీట్లను దేశవ్యాప్తంగా కేంద్రీకృత పద్ధతిలో కేటాయిస్తారు. ఒకప్పుడు అబిటూర్ సగటు తగ్గినవారు వైద్యవిద్య కోసం ఏళ్లతరబడి నిరీక్షించేవారు. ఈ పద్ధతిలోని కొన్ని భాగాలు రాజ్యాంగానికి విరుద్ధమని 2017లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత నిరీక్షణ కోటాను ఎత్తేశారు. ఇప్పుడు 30 శాతం సీట్లు అబిటూర్ ప్రతిభకు, 10 శాతం అబిటూర్ మార్కులతో సంబంధం లేని అర్హతలకు, 60 శాతం విశ్వవిద్యాలయాల సొంత ఎంపికకు కేటాయిస్తున్నారు.

డిగ్రీలు, క్రెడిట్లు

1999 జూన్‌లో 29 ఐరోపా దేశాలు బొలోన్యా ప్రకటనపై సంతకం చేసేనాటికి జర్మనీలో ‘డిప్లోమ్’, ‘మాగిస్టర్’ అనే దీర్ఘకాలిక డిగ్రీలు చెల్లుబాటయ్యేవి. ఇప్పుడు వాటి స్థానంలో రెండంచెల విధానం ఉంది. బ్యాచిలర్‌కు ఆరు నుంచి ఎనిమిది సెమిస్టర్లు, 180 నుంచి 240 క్రెడిట్లు. మాస్టర్‌కు రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు, 60 నుంచి 120 క్రెడిట్లు. రెండూ కలిపి సాధారణంగా 300 క్రెడిట్లు కావాలి.

క్రెడిట్ అంటే పాఠం విన్న గంట కాదు. ఇంటి దగ్గర చదువు, ప్రయోగశాల, నివేదిక, పరీక్షకు తయారీ అన్నీ కలిపిన శ్రమకు కొలత అది. ఒక క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. ఏడాదికి 60 క్రెడిట్లు. తరగతిలో వారానికి ఇరవై గంటలే ఉన్నాయని సంబరపడిన విద్యార్థి మిగతా గంటల లెక్క తానే చూసుకోవాలి. హాజరు పట్టిక చాలా ఉపన్యాసాలకు ఉండదు. స్వేచ్ఛతో పాటు బాధ్యతను కూడా విద్యార్థి భుజాన పెట్టే చోట ఇదొకటి.

న్యాయశాస్త్రం, వైద్యం, ఫార్మసీ వంటివి బొలోన్యా విధానంలోకి పూర్తిగా రాలేదు. వాటికి ‘స్టాట్స్ ఎక్సామెన్’ అనే రాజ్య పరీక్ష ఉంది. న్యాయవిద్యార్థి మొదటి పరీక్ష తర్వాత రెండేళ్లు కోర్టుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, న్యాయవాదుల దగ్గర శిక్షణ పొంది రెండో పరీక్ష రాస్తేనే న్యాయమూర్తి లేదా న్యాయవాది కాగలడు.

విశ్వవిద్యాలయాల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1న, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1న మొదలవుతాయి. అనువర్తిత శాస్త్రాల సంస్థల్లో ఇవి సాధారణంగా ఒక నెల ముందు ఉంటాయి. తరగతులు లేని నెలలు సెలవులు కావు. పరీక్షలు, నివేదికలు, పరిశ్రమ శిక్షణ ఎక్కువగా అప్పుడే.

మార్కుల విధానం

ఒక్కో పరీక్షకు ఇచ్చే శ్రేణులు ఇవి:

1.0, 1.3 – జేర్ గూట్: చాలా బాగుంది
1.7, 2.0, 2.3 – గూట్: బాగుంది
2.7, 3.0, 3.3 – బెఫ్రీడిగెండ్: సంతృప్తికరం
3.7, 4.0 – ఔస్‌రైఖెండ్: చాలినంత
5.0 – నిఖ్ట్ ఔస్‌రైఖెండ్: చాలదు, అంటే తప్పినట్టు

ఆఖరి డిగ్రీ ఫలితం ఈ మార్కుల సగటు. క్రెడిట్లు ఎక్కువున్న సబ్జెక్టుకు సగటులో బరువు ఎక్కువ. ఉదాహరణకు 10 క్రెడిట్ల సబ్జెక్టులో 1.3, 5 క్రెడిట్లదాంట్లో 2.7, 15 క్రెడిట్లదాంట్లో 2.0 వచ్చాయనుకుందాం. మార్కును క్రెడిట్లతో హెచ్చించి కూడితే 56.5, దాన్ని 30తో భాగిస్తే 1.88. దశాంశం తర్వాత మొదటి అంకెనే ఉంచి మిగతాది వదిలేయడం ఎక్కువ సంస్థల ఆనవాయితీ కాబట్టి పట్టాపై 1.8 పడుతుంది. తక్కువ సంఖ్యే మేలు గనుక ఈ పద్ధతి విద్యార్థికి లాభం. సగటు 1.5 వరకు ఉంటే ‘చాలా బాగుంది’, 2.5 వరకు ‘బాగుంది’, 3.5 వరకు ‘సంతృప్తికరం’, 4.0 వరకు ‘చాలినంత’.

తప్పినవారికి మళ్లీ రాసే అవకాశాలు లెక్కబెట్టి ఇస్తారు. చాలాచోట్ల ఒక పరీక్షకు మొత్తం మూడు ప్రయత్నాలే. తప్పనిసరి సబ్జెక్టులో చివరి ప్రయత్నమూ పోతే విద్యార్థి ఆ కోర్సు నుంచి బయటికి వెళ్లాలి. మరో జర్మన్ విశ్వవిద్యాలయంలో అదే కోర్సులో చేరడానికీ సాధారణంగా వీలుండదు. బ్యాక్‌లాగ్‌లు ఎన్నేళ్లయినా రాసుకోవచ్చన్న ధీమా అక్కడ పనికిరాదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో గణితం దగ్గర చాలామంది ఆగిపోవడానికి కారణం ఇదే. చేరేటప్పుడు జరగని వడపోత ఇక్కడ జరుగుతుంది.

న్యాయశాస్త్రానికి 0 నుంచి 18 పాయింట్ల ప్రత్యేక కొలమానం ఉంది; ఇక్కడ మాత్రం సంఖ్య పెరిగితేనే మంచిది. 4 పాయింట్లకు ఉత్తీర్ణత. 9 పాయింట్లు, ఆపైన వస్తే గౌరవ ఫలితంగా లెక్క. న్యాయమూర్తి ఉద్యోగాలకు, పెద్ద న్యాయ సంస్థలకు ఇలాంటివారికే గిరాకీ. 18కి 9 వచ్చినవారు పండగ చేసుకునే చదువు అది.

అందువల్ల సబ్జెక్టు చూడకుండా మార్కును పోల్చడం తప్పు. జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటి వాటిలో పట్టభద్రుల్లో అత్యధికులకు మొదటి రెండు శ్రేణులే వస్తాయని, న్యాయశాస్త్రంలో ఆ శ్రేణులు అరుదని విజ్ఞాన మండలి 2012లో విడుదల చేసిన నివేదిక ఎత్తిచూపింది. ఈ ఇబ్బంది తీర్చడానికి పట్టాతో పాటు, ఆ కోర్సులో ఎంత శాతం మందికి ఏ శ్రేణి వచ్చిందో తెలిపే పట్టికను కూడా జతచేసే పద్ధతి వచ్చింది.

డాక్టరేట్, ప్రొఫెసర్ పదవి

డాక్టరేట్‌కు లాటిన్ శ్రేణులు వాడతారు: సుమ్మా కుమ్ లౌడె, మాగ్నా కుమ్ లౌడె, కుమ్ లౌడె, రీటె. మొదటిది అసాధారణ ప్రతిభకు, చివరిది కేవలం ఉత్తీర్ణతకు. ఇంజనీరింగ్‌లో, ప్రకృతి శాస్త్రాల్లో పరిశోధక విద్యార్థులు చాలామంది జీతం తీసుకునే ఉద్యోగులే.

డాక్టరేట్ తర్వాత ప్రొఫెసర్ కావడానికి పాత దారి ‘హాబిలిటాత్సియోన్’ అనే రెండో పెద్ద పరిశోధన. 2002లో జూనియర్ ప్రొఫెసర్ పదవిని ప్రవేశపెట్టి మరో దారి తెరిచారు. సొంత విశ్వవిద్యాలయంలోనే పైమెట్టు ఎక్కడం సాధారణంగా కుదరదు. వేరే చోటి నుంచి పిలుపు రావాలి. ప్రొఫెసర్‌కు శాశ్వత పదవి, కింది స్థాయి పరిశోధకుడికి కొన్నేళ్ల ఒప్పందం అన్న అంతరం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. 2021లో యువ పరిశోధకులు సామాజిక మాధ్యమాల్లో దీనిపై గట్టిగా గళమెత్తారు.

ఖర్చు

2005లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో కొన్ని రాష్ట్రాలు సెమిస్టర్‌కు 500 యూరోల వరకు ఫీజు పెట్టాయి. ప్రజల వ్యతిరేకతతో ఒక్కో రాష్ట్రం దాన్ని ఎత్తేసింది. 2014లో లోయర్ సాక్సనీ చివరగా రద్దు చేసింది. ఇప్పుడు విద్యార్థులు కట్టేది ప్రధానంగా సెమిస్టర్ రుసుము. చాలాచోట్ల స్థానిక రవాణా టికెట్టు అందులోనే ఉంటుంది. మినహాయింపులు లేకపోలేదు. బాడెన్-వుర్టెంబర్గ్ 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి అలాంటి కొత్త విద్యార్థులకు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 2,000 నుంచి 6,000 యూరోల ఫీజు విధించింది. స్థోమత లేని దేశీయ విద్యార్థులకు 1971 నుంచి ‘బాఫోగ్’ సాయం అందుతోంది. సాధారణంగా అందులో సగం ఉచితం, సగం వడ్డీలేని అప్పు.

భారతీయ, తెలుగు విద్యార్థుల లెక్క

2023-24 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీలో సుమారు 49 వేల మంది భారతీయులు చదివారు. విదేశీ విద్యార్థుల్లో వీరిదే మొదటి స్థానం. 2022 నవంబరు నుంచి భారతీయుల విద్యార్థి వీసాకు ఏపీఎస్ అనే ధ్రువపత్ర పరిశీలన తప్పనిసరి అయింది. ఇంటర్ ఒక్కటే ఉంటే నేరుగా బ్యాచిలర్‌లో చేరడం మామూలుగా కుదరదు. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో ఏడాది చదువు పూర్తిచేయడం, సాంకేతిక కోర్సులకైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హత వంటివి ఆ తలుపు తెరుస్తాయి.

మన మార్కులను జర్మన్ కొలమానంలోకి మార్చడానికి ‘సవరించిన బవేరియా సూత్రం’ వాడతారు. గరిష్ఠ మార్కు నుంచి వచ్చిన మార్కు తీసేయాలి. దాన్ని గరిష్ఠానికీ ఉత్తీర్ణతకు కావలసిన కనిష్ఠానికీ మధ్య తేడాతో భాగించాలి. వచ్చిన ఫలితాన్ని 3తో హెచ్చించి, 1 కలపాలి.

సీజీపీఏ 10కి 7.2 ఉన్న ఇద్దరు విద్యార్థులను తీసుకుందాం. ఒకరి విశ్వవిద్యాలయంలో ఉత్తీర్ణతకు కనిష్ఠం 4. అతని లెక్క: 2.8 ÷ 6 × 3 + 1 = 2.4. రెండోవారి దగ్గర కనిష్ఠం 5. ఆమె లెక్క: 2.8 ÷ 5 × 3 + 1 = 2.68. చాలా మాస్టర్ కోర్సులు 2.5 లేదా అంతకన్నా మెరుగైన ఫలితం అడుగుతాయి. ఒకే సీజీపీఏతో మొదటివారు గీత దాటితే రెండోవారు ఆగిపోతారు. అందుకే విశ్వవిద్యాలయం ప్రకటించిన కనిష్ఠ ఉత్తీర్ణత మార్కు అధికారిక పత్రంలో స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి.

దరఖాస్తుకు ముందు చూడాల్సినవి మూడు. సంస్థకు ప్రభుత్వ గుర్తింపు, కోర్సుకు అక్రెడిటేషన్ ఉన్నాయా అన్నది మొదటిది; ప్రైవేటు సంస్థల విషయంలో ఇది మరీ ముఖ్యం. చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఆ కోర్సు అడిగినవాటితో సరిపోతున్నాయా అన్నది రెండోది. మంచి మార్కులున్నవారి దరఖాస్తులు కూడా తిరస్కరణకు గురయ్యేది తరచుగా ఇక్కడే. మూడోది ప్రతి కోర్సుకూ ఉండే ‘ప్రూఫుంగ్స్‌ఓర్డ్నుంగ్’, అంటే పరీక్షా నిబంధనావళి. ఎన్ని ప్రయత్నాలు, ఏ గడువు, ఏ మార్కుకు ఎంత బరువు అన్నవన్నీ అందులో ఉంటాయి. అది ప్రతి విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. దళారీ మాట మీద ఆధారపడకుండా, విమానం ఎక్కకముందే దాన్ని స్వయంగా చదవడం జర్మనీకి వెళ్లే ప్రతి విద్యార్థీ చేయాల్సిన మొదటి పని.